పీఎన్‌జీని జేపీజీ చేస్తే వెనకంతా నల్లగా వస్తా ఉంది, వందల ఫోటోలకి కమాండ్ లైన్‌లో దారి చెప్పండి

కాళహస్తి_కలంకారీ:

అందరికీ నమస్తే. మాది శ్రీకాళహస్తి. ఇంట్లో అమ్మ, పిన్ని కలంకారీ వేస్తారు, ఫోటోలు తీసేది, ఆన్‌లైన్‌లో పెట్టేది, ఆర్డర్లు చూసుకునేది నేను. గోడకి తగిలించే గుడ్డలు, దుపట్టాలు, చీరలు, చేతిసంచులు అన్నీ కలిపి ఫోటోలు వందల్లో ఉండాయి, ఒక్కోదాన్నీ ఎడిటర్‌లో తెరిచి బ్యాక్‌గ్రౌండ్ తుడిచి లోగో పెట్టి సేవ్ చేసుకుంటా పోతే దసరా సీజన్ అయిపోతుంది గానీ ఈ పని తెమలదు. అందుకని కమాండ్లతో ఫోటోలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రాం ఎక్కించినా, నాది విండోస్ ల్యాప్‌టాప్.

యాడ ఇరుక్కున్నానో చెప్తా. బ్యాక్‌గ్రౌండ్ తీసేసిన పీఎన్‌జీ ఫైళ్లు కొన్ని రెడీగా ఉన్నాయి, వాటిని జేపీజీ చేస్తే వెనక తెల్లగా రావాల్సింది పోయి నల్లగా వస్తా ఉంది, కొన్నిటికైతే ఎప్పుడో తుడిచేసిన టేబులు, గోడ మళ్లీ కనిపిస్తా ఉన్నాయి, తుడిచేసింది ఎట్ల వెనక్కి వస్తుందో అర్థం కావడంలేదు. ఇంకోటి, తెల్ల చార్టు మీద తీసిన ఫోటోల్లో తెలుపు తీసెయ్యమని ట్రాన్స్‌పరెంట్ వైట్ ఆప్షన్ ఇస్తే గుడ్డ మధ్యలో కూడా చిల్లులు పడతా ఉన్నాయి. మా గుడ్డ తెల్లగా ఉండదు, కరక్కాయ, పాలలో నానబెట్టి ఆరేస్తాం కాబట్టి మీగడ రంగులో ఉంటుంది, అది చార్టు తెలుపుకి దగ్గరగా ఉంది, ఫజ్ (రంగు ఎంత దగ్గరగా ఉంటే తీసెయ్యాలో చెప్పే శాతం) తగ్గిస్తే చార్టు పోదు, పెంచితే అమ్మవారి మొహం పోతా ఉంది. లోగోని లేతగా చేసి మూలలో పెడదామంటే లోగో చుట్టూ చదరంగా బూడిద రంగు పెట్టె వస్తా ఉంది. చివరగా, అమ్మ కాగితం మీద గీసిన నల్ల గీతల బొమ్మలు స్కాన్ చేసి ఉన్నాయి, వాటిని సంచి ఫోటో మీద పెట్టి కస్టమర్‌కి ముందే చూపించాలి, కాగితం తెలుపు రాకూడదు, గీత సన్నదనం పోకూడదు.

కన్వర్ట్ అని కొడితే ఇన్‌వాలిడ్ పారామీటర్ అంటా ఉంది, మ్యాజిక్ అని కొడితేనే పని చేస్తా ఉంది, అది కూడా ఎందుకో చెప్పండి. నెలనెలా డబ్బులు కట్టే సైట్లు వద్దు, నా మెషీన్‌లోనే అయిపోవాలి.

తిరుపతి_టెర్మినల్:

తమ్ముడూ, ముందే ఒక మాట, కమాండ్లు కూడా ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తా ఉన్నా, టెర్మినల్‌లో అవే మాటల్ని ఇంగ్లీషు స్పెల్లింగుతో కొట్టుకో.

కన్వర్ట్ సంగతి చిన్నది, తేల్చేద్దాం. విండోస్‌లో ఆ పేరుతో సిస్టందే ఒక ప్రోగ్రాం ముందునుంచీ ఉంది, డిస్కుని ఫ్యాట్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చేది, నువ్వు కొట్టినప్పుడు అది లేచి పలుకుతా ఉంది. ఇమేజ్‌మ్యాజిక్ 7 నుంచి అన్నిటికీ మ్యాజిక్ (స్పెల్లింగులో చివర కే కూడా ఉంటుంది) అనే ఒక్క కమాండే, అదే వాడు. ఎవరైనా ఉబుంటు 22.04 గానీ 24.04 గానీ వాడతా ఇది చదివితే అక్కడ ప్యాకేజీలో వచ్చేది ఇంకా 6.9, మ్యాజిక్ అంటే దొరకదు, కన్వర్ట్ అనే కొట్టాలి.

ఇప్పుడు అసలు విషయం. బ్యాక్‌గ్రౌండ్ తుడిచేశాం అంటే రంగు పోయిందని అందరూ అనుకుంటారు, పోదు. ప్రతి పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు అంకెలు, వాటి పక్కనే ఆల్ఫా అని నాలుగోది, 0 అయితే కనబడదు, 255 అయితే పూర్తిగా కనబడుతుంది. తుడవడం అంటే చాలా ప్రోగ్రాములు ఆ నాలుగో అంకెని 0 చేస్తాయి అంతే, కింద మూడు అంకెలూ అట్లే ఉంటాయి. కొన్ని ప్రోగ్రాములు కింద కూడా మూడు సున్నాలు రాస్తాయి, మూడు సున్నాలంటే నలుపు. జేపీజీలో ఆల్ఫాకి చోటే లేదు, కాబట్టి మార్చేటప్పుడు నాలుగోది ఊడిపోతుంది, కింద ఏది ఉంటే అది బయటపడుతుంది, ఒక ఫైల్లో నలుపు, ఇంకో ఫైల్లో నీ టేబులు, గోడ. అంటే జేపీజీ చేసే ముందే బొమ్మని ఒక రంగు మీద పరిచి కలిపేయాలి:

మ్యాజిక్ చీర.పీఎన్‌జీ -బ్యాక్‌గ్రౌండ్ వైట్ -ఆల్ఫా రిమూవ్ -ఆల్ఫా ఆఫ్ -క్వాలిటీ 88 చీర.జేపీజీ

ఇంటర్నెట్‌లో ఎక్కువ మంది ఫ్లాటెన్ వాడమంటారు, ఒక్క ఫైలుకి అదీ బాగానే పని చేస్తుంది, కానీ ఫ్లాటెన్ అనేది లేయర్లన్నిటినీ ఒకటిగా అణిచేసేది, ఒకే కమాండ్‌కి చాలా ఫైళ్లు ఇస్తే అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకే బొమ్మ అవుతాయి. ఆల్ఫా రిమూవ్ దేని పని దానికి చేస్తుంది, అందుకే గుంపుగా చేసేటప్పుడు అదే మేలు:

మ్యాజిక్ మోగ్రిఫై -పాత్ జేపీజీలు -ఫార్మాట్ జేపీజీ -బ్యాక్‌గ్రౌండ్ వైట్ -ఆల్ఫా రిమూవ్ -ఆల్ఫా ఆఫ్ -క్వాలిటీ 88 *.పీఎన్‌జీ

జేపీజీలు అనే ఫోల్డర్ ముందే చేసి పెట్టుకో. మోగ్రిఫైతో జాగ్రత్త, పాత్ గానీ వేరే ఫార్మాట్ గానీ చెప్పకపోతే అసలు ఫైళ్ల మీదే రాసేస్తుంది, వెనక్కి తెచ్చుకోవడం ఉండదు.

ఇంకో సంగతి, ఆ టేబులు, గోడ దాక్కుని ఉన్న పీఎన్‌జీలని అట్లే బయటికి పంపొద్దు, ఆల్ఫా తీసేసి చూస్తే ఎవరికైనా మీ ఇల్లు కనబడుతుంది. -బ్యాక్‌గ్రౌండ్ బ్లాక్ -ఆల్ఫా బ్యాక్‌గ్రౌండ్ అని ఇస్తే పూర్తిగా కనబడని పిక్సెళ్ల కింద రంగు మొత్తం ఒకటే అయిపోతుంది, ఫైలు సైజు కూడా తగ్గుతుంది.

గుడ్డ చిల్లుల సంగతికి వద్దాం, ఇది కొంచెం పెద్దది. ట్రాన్స్‌పరెంట్ వైట్ అంటే ఫోటో మొత్తంలో తెలుపుకి దగ్గరున్న ప్రతి పిక్సెల్‌నీ తీసెయ్ అని అర్థం, అది గుడ్డ బయటదా లోపలదా దానికి తెలియదు. నీకు కావాల్సింది బయట మూల నుంచి మొదలుపెట్టి గుడ్డ అంచు తగిలేదాకా పాకి ఆగిపోయేది, అది ఫ్లడ్‌ఫిల్. నాలుగు వైపుల నుంచీ పాకాలి కాబట్టి ముందు చుట్టూ ఒక్క పిక్సెల్ తెల్ల బార్డర్ కట్టి, దాని మూల నుంచి వదిలి, పనయ్యాక ఆ బార్డర్ గీకేస్తాం:

మ్యాజిక్ గుడ్డ.జేపీజీ -బార్డర్‌కలర్ వైట్ -బార్డర్ 1x1 -ఆల్ఫా సెట్ -ఫజ్ 8% -ఫిల్ నన్ -డ్రా "ఆల్ఫా 0,0 ఫ్లడ్‌ఫిల్" -షేవ్ 1x1 గుడ్డ.పీఎన్‌జీ

గుడ్డ లోపల మీగడ రంగు ఎంతున్నా దాన్ని ముట్టదు, ఎందుకంటే దారి లేదు. 6.9 వాడేవాళ్లు డ్రా లోపల ఆల్ఫా బదులు మ్యాట్ అని రాయాలి. ఒక్క చిక్కు మిగులుతుంది, గుడ్డ అంచు దగ్గర కూడా మీగడే, చార్టు తెలుపే, ఎక్కడో ఒక చోట సందు దొరికితే లోపలికి కారిపోతుంది. అందుకే ఇక ముందు తీసే ఫోటోలకి తెల్ల చార్టు మానెయ్, ముదురు బూడిద చార్టు పెట్టు, బార్డర్‌కలర్‌లో కూడా ఆ చార్టు రంగే ఇవ్వు. సినిమావాళ్ల లాగా ఆకుపచ్చ పెట్టమని ఎవరైనా చెప్తారు, నేను వద్దంటా, లేత గుడ్డ మీద ఆ పచ్చదనం పడి అంచులన్నీ పచ్చగా తేలతాయి, రంగులు చూసి కొనే సరుకు అది. ఫ్లడ్‌ఫిల్ బయటి నుంచి వస్తుంది కాబట్టి లోపల మీ కసిమి (ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు) నలుపు, ఎరుపు, నీలం ఏమున్నా పట్టింపు లేదు, అంచు దగ్గర తేడా తెలిస్తే చాలు. బూడిద చార్టు మీద గుడ్డ నీడ కూడా కలిసిపోతుంది, అది ఇంకో లాభం.

అంచు దగ్గర ఒక్కో ఫోటోలో సన్నగా చార్టు రంగు గీత మిగులుతుంది, ముదురు పేజీ మీద పెడితే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దానికి ఆల్ఫాని మాత్రమే కాస్త మసక చేసి, బయటి సగాన్ని కోసేయాలి:

-ఛానెల్ ఏ -బ్లర్ 0x1 -లెవెల్ 50%,100% +ఛానెల్

దీన్ని ఫ్లడ్‌ఫిల్ తర్వాత, షేవ్‌కి ముందు చేర్చు. మసక చేసినప్పుడు అంచు లోపలికీ బయటికీ పరుచుకుంటుంది, సగం కంటే తక్కువున్నది సున్నా అయిపోతుంది, మిగిలిన మెత్తటి అంచు అంతా గుడ్డ మీదే పడుతుంది, దాని కింద రంగు గుడ్డదే కాబట్టి చార్టు రంగు కనబడదు. ఇది ఒక్కటి నేర్చుకుంటే కత్తిరించిన ఫోటో లాగా ఉండదు.

చిత్తూరు_ప్రెస్:

ఏమప్పా, టెర్మినల్ అన్న చెప్పింది అంతా సరే, లోగో సంగతి ఎవురూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తా. మాది ఆఫ్‌సెట్ ప్రెస్సు, మామిడి గుజ్జు డబ్బాల లేబుళ్ల కాడి నుంచి పెళ్లి కార్డుల దాకా వేస్తాం, ఈ బూడిద పెట్టె బాధ మా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఎప్పుడూ చూస్తా ఉంటాం.

నువ్వు లోగో ఆల్ఫాని 40 శాతం అని సెట్ చేసుంటావు. సెట్ అంటే ప్రతి పిక్సెల్‌కీ 40 అని రాసేస్తుంది, సున్నా ఉన్న చోట కూడా 40 అవుతుంది, అందుకే కనబడకుండా ఉన్న చదరం పైకి తేలతా ఉంది. రాయకూడదు, గుణించాలి. సున్నాని దేంతో గుణించినా సున్నానే గదా:

మ్యాజిక్ ఫోటో.జేపీజీ ( లోగో.పీఎన్‌జీ -ఛానెల్ ఏ -ఎవాల్యుయేట్ మల్టిప్లై 0.4 +ఛానెల్ ) -గ్రావిటీ సౌత్‌ఈస్ట్ -జామెట్రీ +30+30 -కంపోజిట్ బయటికి.జేపీజీ

లినక్స్‌లో ఆ బ్రాకెట్లకి ముందు బ్యాక్‌స్లాష్ పెట్టాలి, విండోస్‌లో అక్కర్లేదు. బ్యాచ్ ఫైల్లో రాసి పెట్టుకుంటే మాత్రం పైన వచ్చిన శాతం గుర్తులన్నీ రెండేసి రాయి, లేకపోతే విండోస్ వాటిని మింగేస్తుంది.

ఇందులో చానా మంది తికమక పడేది ఒకటుంది. ఇట్ల మ్యాజిక్‌లో కంపోజిట్ ఆప్షన్ వాడితే కింద ఉండాల్సిన ఫోటో ముందు, పైన పడే లోగో తర్వాత. అదే కంపోజిట్ అనే వేరే కమాండ్ ఉంది, దాంట్లో లోగో ముందు, ఫోటో తర్వాత. యాడో చూసి కాపీ కొట్టిన కమాండ్‌ని ఒకదాన్నించి ఇంకోదానికి మారిస్తే ఫోటో పైకి, లోగో కిందికి పోతుంది, లోగో అంత చిన్న ముక్క మిగులుతుంది. ఫోటోలన్నీ ముందు ఒకే వెడల్పుకి తెచ్చుకో, 1600 చాలు, అప్పుడు లోగో సైజు అన్నిట్లో ఒకటిగా ఉంటుంది.

ప్రింటుకి పంపేటప్పుడు మాత్రం వేరే లెక్క. పారదర్శకత అనేది పీడీఎఫ్‌లోకి వచ్చిందే 1.4 నుంచి, అది 2001 కాలం. పీడీఎఫ్ ఎక్స్-1ఏ అనే ప్రింటు రకం పీడీఎఫ్ అడిగే ప్రెస్సులు ఇంకా ఉన్నాయి, దాంట్లో పారదర్శకం ఉండకూడదు, ఎక్స్-4 అయితే పరవాలేదు. ఏది కావాలో ప్రెస్సోళ్లని ముందే అడుగు. సీఎంవైకే (ప్రింటు సిరాల నాలుగు రంగుల లెక్క) కూడా నువ్వు కమాండ్‌లో కలర్‌స్పేస్ అని కొట్టి మార్చొద్దు, ప్రొఫైల్ (మెషీన్‌లో రంగులు ఎట్ల పడతాయో చెప్పే ఫైలు) లేకుండా మారిస్తే మీ ఎరుపు ఇటిక రంగయి కూర్చుంటుంది. ఆర్‌జీబీ టిఫ్ ఇచ్చెయ్, ప్రెస్సులో వాళ్ల మెషీన్ ప్రొఫైల్‌తో మార్చుకుంటారు.

కాళహస్తి_కలంకారీ:

అన్నలిద్దరికీ చానా థ్యాంక్స్. బూడిద చార్టు తెచ్చి గోడ గుడ్డలు తీసినా, ఫ్లడ్‌ఫిల్ అంచు దాకా వచ్చి ఆగిపోయింది, ఆల్ఫా మసక చేసే లైను కూడా చేర్చాక నల్ల పేజీ మీద పెట్టి చూపిస్తే గీత యాడ కోసినావో కనబడలేదని పిన్ని అనింది. పాత తెల్ల చార్టు ఫోటోల్లో ఫజ్ 3కి దించితే సగానికి పైగా బాగానే వచ్చాయి. లోగో పెట్టె కూడా పోయింది.

ఇంక రెండు మిగిలినాయి. దుపట్టాలకి చివర కుచ్చులు ఉంటాయి, దారాలు విడివిడిగా, మధ్యలో సందులు, ఫ్లడ్‌ఫిల్ చేస్తే కుచ్చులు కత్తెరతో కత్తిరించినట్టు మొద్దుగా వస్తా ఉన్నాయి. రెండోది అమ్మ గీతల బొమ్మలు, అది ఇంకా ఎవురూ చెప్పలేదు.

ఎస్వీయూ_పిల్లోడు:

అన్నా, కుచ్చులకి రెమ్‌బీజీ చూడు, బ్యాక్‌గ్రౌండ్ తనే కనిపెట్టి తీసేసే టూల్, పైథాన్‌లో పిప్ అనే ఇన్‌స్టాల్ కమాండ్‌తో ఎక్కుతుంది, కమాండ్ లైన్‌లోనే నడుస్తుంది, నీ మెషీన్‌లోనే, ఫోటోలు బయటికి పోవు. రెమ్‌బీజీ పీ అని రెండు ఫోల్డర్ల పేర్లు ఇస్తే మొత్తం ఫోల్డర్ చేసి పెడుతుంది. యూ-2-నెట్ అనే మోడల్ మీద పని చేస్తుంది, మొదటిసారి ఆ మోడల్ దింపుకుంటుంది కాబట్టి నెట్ ఉండాలి, తర్వాత అక్కర్లేదు. జుట్టు, దారాల లాంటి వాటికి ఆల్ఫా మ్యాటింగ్ ఆప్షన్ ఉంది, దానికి -ఏ అని పెట్టాలి, నిదానంగా అవుతుంది కానీ అంచు మెత్తగా వస్తుంది.

ఇంకా ఒకటి, ఫోటోలు పెద్దవి అయితే ఇమేజ్‌మ్యాజిక్ మెమరీ బాగా తింటుంది. లెక్క వేసి చూడు, 6000 బై 4000 ఫోటో అంటే 2 కోట్ల 40 లక్షల పిక్సెళ్లు, ఒక్కోదానికి నాలుగు ఛానెళ్లు, ఇప్పుడొచ్చే హెచ్‌డీఆర్‌ఐ (రంగుల్ని దశాంశ అంకెల్లో లెక్కించే) బిల్డులో ఛానెల్‌కి 4 బైట్లు, ఒక్క ఫోటోకే 384 ఎంబీ, ఇంక పైన లోగో, మాస్కు (ఏది కనబడాలో చెప్పే నలుపు-తెలుపు బొమ్మ). విప్స్ అని ఇంకో టూల్ ఉంది, ఫోటోని ముక్కముక్కలుగా చదివి ముక్కముక్కలుగానే రాస్తుంది, పాత ల్యాప్‌టాప్‌లో కూడా పరిగెత్తుతుంది:

విప్స్ ఫ్లాటెన్ చీర.పీఎన్‌జీ చీర.జేపీజీ --బ్యాక్‌గ్రౌండ్ "255 255 255"

లోగోకి కంపోజిట్2 ఉంది. ఫ్లడ్‌ఫిల్ లాంటి గారడీలు ఇమేజ్‌మ్యాజిక్‌లో చేసుకో, చివర్లో గుంపుగా మార్చేది దీంతో చేసుకో.

తిరుపతి_టెర్మినల్:

రెమ్‌బీజీ మంచి టూలే, మనుషుల ఫోటోలకి నేనూ అదే వాడతా. కానీ తమ్ముడి సరుకుకి మొదటి ఛాయిస్‌గా నేను చెప్పను. ఆ మోడల్ ఏది వస్తువు, ఏది వెనకది అని ఊహిస్తుంది, కలంకారీ గుడ్డ మీద మళ్లీ మనుషులు, రథాలు, చెట్లు ఉంటాయి, అది గుడ్డని వదిలేసి దాని మీదున్న కృష్ణుణ్ణి పట్టుకునే ప్రమాదం ఉంది. ప్రతి ఫోటోనీ కళ్లతో చూసి సరిచూసుకునే ఓపిక ఉంటే వాడొచ్చు.

కుచ్చులకి ఊహ అక్కర్లేని పద్ధతి ఒకటి ఉంది, నాకు చానా ఇష్టమైనది. ఒకే దుపట్టాని కదపకుండా రెండు ఫోటోలు తియ్, ఒకటి నల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో, ఒకటి తెల్ల బ్యాక్‌గ్రౌండ్‌తో. కెమెరా స్టాండ్ మీద ఉండాలి, ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ మాన్యువల్‌లో లాక్ చెయ్, దుపట్టాని కర్రకి వేలాడదీసి ఫ్యాను ఆపి వెనక షీటు మాత్రం మార్చు. గుడ్డ పూర్తిగా కప్పిన చోట రెండు ఫోటోల్లో ఒకే రంగు ఉంటుంది, ఖాళీ ఉన్న చోట ఒకదాంట్లో నలుపు, ఇంకోదాంట్లో తెలుపు, దారం సగం కప్పిన పిక్సెల్‌లో తేడా సగం ఉంటుంది. అంటే తేడానే ఆల్ఫా చెప్పేస్తుంది, తిరగేసి చదవాలి అంతే:

మ్యాజిక్ నలుపు.పీఎన్‌జీ తెలుపు.పీఎన్‌జీ -కంపోజ్ డిఫరెన్స్ -కంపోజిట్ -కలర్‌స్పేస్ గ్రే -ఆటో-లెవెల్ -నెగేట్ మాస్కు.పీఎన్‌జీ

మాస్కు వచ్చాక రంగు. నల్ల ఫోటోలో దారం సగం కప్పిన చోట మిగతా సగం నలుపు కలిసి ముదురుగా ఉంటుంది, ఆ నలుపుని విడదీయాలంటే మాస్కుతో భాగించాలి:

మ్యాజిక్ నలుపు.పీఎన్‌జీ మాస్కు.పీఎన్‌జీ -ఎఫ్‌ఎక్స్ "యూ/మ్యాక్స్(వీ,0.01)" రంగు.పీఎన్‌జీ

మ్యాజిక్ రంగు.పీఎన్‌జీ మాస్కు.పీఎన్‌జీ -ఆల్ఫా ఆఫ్ -కంపోజ్ కాపీఆల్ఫా -కంపోజిట్ దుపట్టా.పీఎన్‌జీ

ఎఫ్‌ఎక్స్ నిదానం, ఫోటోని ముందే 2000 వెడల్పుకి తగ్గించి చేసుకో. యూ, వీ అనేవి మొదటి ఫోటో, రెండో ఫోటో, ఇంగ్లీషు అక్షరాలే. ఇది కొత్త చిట్కా కాదు, ఒకే వస్తువుని రెండు రంగుల ముందు తీస్తే ఆల్ఫాని ఊహ లేకుండా లెక్క కట్టొచ్చని 1996లో ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ కాగితం మీద నిరూపించి పెట్టారు. ఆ స్మిత్, ఎడ్ క్యాట్‌మల్ కలిసే 1970ల చివర్లో న్యూయార్క్‌లో ఈ ఆల్ఫా ఛానెల్‌ని కనిపెట్టింది, తర్వాత 1984లో లూకాస్‌ఫిల్మ్‌లో థామస్ పోర్టర్, టామ్ డఫ్ ఒక బొమ్మని ఇంకోదాని మీద కలిపే లెక్కలకి ఓవర్, ఇన్, అవుట్, ఎటాప్ అని పేర్లు పెట్టారు. నువ్వు ఈరోజు కంపోజ్ పక్కన రాసే మాటల్లో సగం అక్కడివే, అందుకే విప్స్‌లో నేర్చుకున్నా ఇమేజ్‌మ్యాజిక్‌లో నేర్చుకున్నా అర్థం ఒకటే.

అమ్మగారి గీతలు. దీనికి ట్రాన్స్‌పరెంట్ వైట్ జోలికి అసలు పోవద్దు, గీత అంచున ఉండే లేత బూడిద పిక్సెళ్లు ఉంటే ఉంటాయి, లేకపోతే పోతాయి, గీత పళ్లుపళ్లుగా తయారవుతుంది. కలంతో గీసిన గీతకి అందం ఆ అంచులోనే ఉంది, ఉన్ని చుట్టిన వెదురుపుల్లని నొక్కిన చోట మందం, వదిలిన చోట సన్నం. అందుకని నలుపు ఎంత ఉందో అదే ఆల్ఫా అనుకోవాలి, ముదురు నలుపు పూర్తిగా, బూడిద సగం, కాగితం సున్నా:

మ్యాజిక్ గీత.పీఎన్‌జీ -కలర్‌స్పేస్ గ్రే -లెవెల్ 15%,85% -నెగేట్ -బ్యాక్‌గ్రౌండ్ బ్లాక్ -ఆల్ఫా షేప్ గీత_ఖాళీ.పీఎన్‌జీ

లెవెల్ దేనికంటే కాగితం మురికి, మడత నీడలు పూర్తి తెలుపు అయిపోవడానికి, మీ స్కాన్ చూసి ఆ 85ని అటూ ఇటూ జరుపుకో. చింతపుల్లల బొగ్గుతో గీసిన నమూనా అయితే 85 బదులు 92 పెట్టి చూడు, బొగ్గు గీత లేతగా ఉంటుంది, ఎక్కువ కోస్తే తెగిపోతుంది. బ్యాక్‌గ్రౌండ్ బ్లాక్ బదులు వేరే రంగు ఇస్తే అదే గీత ఎరుపులోనో నీలంలోనో వస్తుంది, ఒకే బొమ్మని నాలుగు రంగుల్లో కస్టమర్‌కి చూపించొచ్చు.

సంచి మీద పెట్టేటప్పుడు మామూలుగా పెడితే స్టిక్కర్ అంటించినట్టు ఉంటుంది. మల్టిప్లై పెట్టు:

మ్యాజిక్ సంచి.జేపీజీ గీత_ఖాళీ.పీఎన్‌జీ -గ్రావిటీ సెంటర్ -జామెట్రీ +0+60 -కంపోజ్ మల్టిప్లై -కంపోజిట్ చూపు.జేపీజీ

రంగులో వేసిన బొమ్మకైతే దీని లాభం తెలుస్తుంది, సంచి నేత, మడతల నీడలు ఎరుపులోంచి, నీలంలోంచి కూడా కనిపిస్తాయి. ఇంకో మాట, మల్టిప్లైలో తెలుపు అంటే ఏ మార్పూ లేదని అర్థం, కాబట్టి లేత రంగు సంచి అయితే కాగితం తెలుపు తీయాల్సిన పనే లేదు, లెవెల్‌తో పూర్తి తెలుపు చేసి నేరుగా పెట్టెయ్యొచ్చు. ముదురు సంచి మీద మాత్రం మల్టిప్లై చేస్తే నల్ల గీత మునిగిపోతుంది, అక్కడ ఆల్ఫా షేప్‌లో తెల్ల రంగు ఇచ్చి మామూలు ఓవర్ వాడు.

చిత్తూరు_ప్రెస్:

రెండు ఫోటోల పద్ధతి నిజంగా బాగుంది అన్నా. కుచ్చులు అట్ల దిగిన ఫైలు నాకు పంపితే బ్యానర్ వెయ్యడానికి మా వాడు పొద్దంతా పెన్ టూల్ పట్టుకుని కూర్చోవాల్సిన పని తప్పుతుంది. తమ్ముడూ, అసలు పీఎన్‌జీలు పెద్ద సైజులో ఆల్ఫాతో సహా ఒక ఫోల్డర్లో విడిగా దాచుకో, జేపీజీ, వెబ్‌పీ అన్నీ వాటి నుంచే తియ్. తెలుపు మీద కలిపేసిన జేపీజీ మాత్రమే మిగిలితే రేపు ఎరుపు బ్యానర్ కావాలన్నప్పుడు మళ్లీ మొదటి నుంచి చెయ్యాల.

కాళహస్తి_కలంకారీ:

దుపట్టా అట్లే తీసినా అన్నా, దారాల మధ్య సందుల్లోంచి వెనక రంగు కనబడతా ఉంది, ముట్టుకుంటే ఊగేట్టుంది. అమ్మకి గీతల సంచి చూపిస్తే ఇంకో నాలుగు బొమ్మలు గీసి ఇస్తానంటోంది.

ఒక్కటే అడిగి వదిలేస్తా. ఈ పీఎన్‌జీలు ఒక్కోటి చానా పెద్దగా ఉన్నాయి, సైటు తెరుచుకోవడానికి టైం పడతా ఉంది, జేపీజీ చేస్తే ఆల్ఫా పోతుంది. వాట్సాప్‌లో పంపితే కూడా కస్టమర్లకి వెనక ఖాళీ పోయి చేరుతా ఉంది.

ఎస్వీయూ_పిల్లోడు:

సైటుకి వెబ్‌పీ చెయ్యి అన్నా. జేపీజీ లాగా రంగుని నొక్కుతుంది, పీఎన్‌జీ లాగా ఆల్ఫా ఉంచుతుంది, రెండూ ఒకే ఫైల్లో. గూగుల్ వాళ్లదే సీవెబ్‌పీ అనే కమాండ్ ఉంది:

సీవెబ్‌పీ -క్యూ 80 -ఆల్ఫా_క్యూ 100 దుపట్టా.పీఎన్‌జీ -ఓ దుపట్టా.వెబ్‌పీ

క్యూ అనేది రంగుకి, ఆల్ఫా_క్యూ అంచుకి. కుచ్చులున్న వాటికి ఆల్ఫా 100 వదిలెయ్, మామూలు చతురస్రం గుడ్డలకి 80కి దించినా తేడా తెలియదు. ఎక్కడైనా పీఎన్‌జీనే కావాలంటే పీఎన్‌జీక్వాంట్ వాడు, 256 రంగులకి దించుతుంది, ఆల్ఫా మెట్లు మెట్లుగా పోకుండా మెత్తగానే ఉంచుతుంది. మీ గీతల బొమ్మలకి, లోగోకి అది చక్కగా సరిపోతుంది, రంగులు కొన్నే కాబట్టి. నేత స్పష్టంగా కనబడాల్సిన పెద్ద గుడ్డల ఫోటోలకి వద్దు, మీగడ రంగులోని చిన్న చిన్న తేడాలన్నీ చుక్కలు చుక్కలుగా అవుతాయి.

వాట్సాప్‌లో ఫోటోగా పంపితే అది జేపీజీ చేసేస్తుంది, అందుకే పోతా ఉంది. డాక్యుమెంట్‌గా పంపు, ఫైలు ఉన్నదున్నట్టు పోతుంది. స్టిక్కర్లు చేసి కస్టమర్లకి ఇద్దామనుకుంటే అది కూడా వెబ్‌పీనే, 512 బై 512, 100 కేబీ లోపు ఉండాలి, నెమలి బొమ్మ ఏదైనా ఉంటే ముందు -ట్రిమ్ +రీపేజ్ కొట్టి చుట్టూ ఖాళీ తీసేసి, -రీసైజ్ 480x480 -బ్యాక్‌గ్రౌండ్ నన్ -గ్రావిటీ సెంటర్ -ఎక్స్‌టెంట్ 512x512 అని ఇస్తే మధ్యలో కూర్చుంటుంది.